ప్రశంసలో పాఠం ఉండాలి

వుజూకు కూర్చున్న పదేళ్ల అబ్బాయి చేతిలో లోటా వణుకుతుంది. మోచేతి దాకా నీళ్లు చేరవు; నేల మాత్రం తడుస్తుంది. తల్లి ఒకనాడు విసుగుతో లోటా లాక్కొని తానే కడిగేస్తుంది. మరొకనాడు జాలితో "మాషా అల్లాహ్, బాగా చేశావు" అంటుంది. రెండు సందర్భాల్లోనూ ఆ బిడ్డకు దక్కనిది ఒక్కటే: మరుసటిసారి చేతిని ఎలా కదపాలన్న సమాచారం.

బుద్ధిమాంద్యం గల పిల్లల్లో చాలామందికి కదలికలపై పట్టు ఆలస్యంగా చిక్కుతుంది. పొరపాటు ఎక్కడ జరిగిందో తమంతట తాము గుర్తించడమూ కష్టమే. కనుక పెద్దల మాటే వారికి అద్దం. 1927లో అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త థార్న్‌డైక్ కొందరి కళ్లకు గంతలు కట్టి గీతలు గీయించారు. ఫలితం చెప్పనంతకాలం ఎంత సాధన చేసినా మెరుగుదల లేదు. 'ఒప్పు', 'తప్పు' అని చెప్పాక చేయి కుదిరింది. 1932లో ట్రోబ్రిడ్జ్, కాసన్‌లు ఎంత ఎక్కువో, ఎంత తక్కువో కూడా చెప్పినప్పుడు గీత మరింత కచ్చితమైంది. ఆ ప్రయోగాలు ఈ పిల్లలపై జరిగినవి కావు. అయినా వాటిలోని సూత్రం మన ఇంటికీ పనికొస్తుంది.

"బాగుంది" అనే బదులు "మోచేయి పైకెత్తావు, అందుకే నీళ్లు అక్కడిదాకా చేరాయి" అనండి. ఒకసారికి ఒక్క విషయమే, పని ముగిసిన వెంటనే, చిన్న మాటల్లో చెప్పండి. పొరపాటును ఎత్తిచూపడంతో ఆగక, చేయవలసిన కదలికను చేసి చూపండి. చేయి కుదిరేకొద్దీ మీ మాటలను తగ్గిస్తూ, "మోచేయి తడిసిందా? తాకి చూడు" అని అడగండి. అప్పుడు తన పనిని తానే పరీక్షించుకోవడం అలవడుతుంది.

హజ్రత్ అనస్ (రజి) బాల్యం నుంచి దాదాపు పదేళ్లు దైవప్రవక్త (సఅసం) సేవలో గడిపారు. అంతకాలంలో ఒక్క విసుగు మాటైనా వినలేదని ఆయనే తెలిపారు. బుద్ధి వికసించని వారిపై షరీఅత్ విధుల భారాన్ని మోపలేదు. అల్లాహ్ మోపని భారాన్ని మన కోపం మోపడం న్యాయమా?

ఈ నెల ఒక్క పనినే ఎంచుకోండి: వుజూ కావచ్చు, చొక్కా గుండీ కావచ్చు. ఆ పని వంద రోజులు పట్టినా సరే, లోటా మాత్రం ఆ బిడ్డ చేతిలోనే ఉండనివ్వండి.