ఒక సత్యంతో మరో సత్యాన్ని కొట్టేయవద్దు



మొన్న గృహ దర్శనానికి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన అన్నారు: "అయ్యగారూ, కొలెస్ట్రాల్ మాత్ర మానేశానండి. అదంతా కంపెనీల మాయంట. అసలు దోషి పంచదారేనని ఫోన్‌లో వీడియో వచ్చింది." రెండేళ్ల క్రితం స్టెంట్ వేయించుకున్న మనిషి. ప్రార్థన చేసి వచ్చాము గాని, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆ వీడియోలో సగం నిజముంది. అమెరికాలో చక్కెర పరిశ్రమకు చెందిన సంస్థ హార్వర్డ్ పరిశోధకులకు 6,500 డాలర్లు ఇచ్చి, గుండె జబ్బు నేరమంతా కొవ్వు మీదికి నెట్టే వ్యాసం రాయించింది. 1967లో అది పేరున్న వైద్య పత్రికలో వచ్చింది. డబ్బు సంగతి అందులో చెప్పలేదు. 2016లో ఆ గుట్టు బయటపడింది. చక్కెర దోషం కూడా నిజమే. ఎక్కువైన తీపిని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది.

అయితే ఇద్దరు దొంగల్లో ఒకడు దొరికాడని రెండోవాణ్ణి వదిలేస్తామా? చెడు కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్ రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగులను కొన్నేళ్లు పరిశీలించి, 1994లో ఫలితం ప్రకటించారు. కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర వేసుకున్నవారిలో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. కాబట్టి మాత్ర ఆపాలో వద్దో చెప్పవలసింది డాక్టరుగారు. వీడియో కాదు, మేమూ కాదు.

ఇక మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఐదిళ్లు తిరిగితే ఐదు టీలు. కప్పుకు రెండు చెంచాల పంచదార అనుకున్నా 40 గ్రాములు. రోజుకు సుమారు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మీరు ప్రేమతో ఇచ్చారు, మేము కాదనలేక తాగాము. ఆదివారం మాత్రం దేహం దేవుని ఆలయమని బోధించాము!

ప్రేమ విందుల సంగతీ అంతే. ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని చూసి పామాయిల్ డబ్బాలు తెస్తాము. ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. కాని పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. మన ఒంట్లో ఎల్‌డీఎల్‌ను పెంచేది అదే. పక్కనే కూల్ డ్రింకులు. ఇద్దరు దొంగలకూ మనమే విస్తరి వేస్తున్నాము.

అందుకే రెండు మనవులు. ఇకమీదట మేము వస్తే మజ్జిగో మంచినీళ్లో చాలు, మీ ప్రేమ తగ్గిందని అనుకోము. డాక్టరును అడగకుండా ఎవరూ మాత్ర మానవద్దు. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడే గదా! ప్రార్థించి మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు.

రేపు ఆ పెద్దాయనను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్తున్నాము. మీరూ ప్రార్థించండి. మీ ఇంట్లో మానేసిన మాత్రలుంటే, ఈ పూటే వెతకండి.