వాన అవ్వ మాటను మింగరాదు

చిన్నారులారా! మన తరగతి రేడియో నాటికలో వాన మొదటి నుండి చివరి వరకు కురిసింది; అవ్వ మాట ఒక్కటీ వినబడలేదు. తలుపు తెరచినప్పుడు వాన రెండు క్షణాలు గట్టిగా వినిపించి, అవ్వ నోరు విప్పగానే తగ్గిపోవాలని నా అభిప్రాయం. ఊళ్లోని మీ తాతమ్మలు ఈ నాటికను ఫోనులో వింటారు. మలయా రబ్బరు తోటలకు వలస వెళ్లిన మా పెద్దలకు చదువు రాదు. వారికి తెలుగు చెవి ద్వారానే నిలిచింది.

ఇంటర్నెట్టులో దొరికే వాన ఏ దేశపుదో! చేటలో బియ్యం మెల్లగా కదిపితే వాన మన ఇంట్లోనే కురుస్తుంది. కొబ్బరి చిప్పలు రెండింటిని బల్లపై తాటిస్తే గుర్రం పరుగెడుతుంది. చాక్లెట్టు కాగితం నలిపితే పొయ్యి మండుతుంది. అంతకు మించి శబ్దాలు అక్కరలేదు. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం చిలకమర్తి వారి ‘గణపతి’ని నాటకంగా వినిపించినప్పుడు, శ్రోతలను నవ్వించినవి నటుల గొంతులే.

దుబాయి ఇళ్లలో మరొక చిక్కు: ఏసీ మోత, టైల్సు నేలపై ప్రతిధ్వని. రికార్డు చేసే ఐదు నిమిషాలూ ఏసీ ఆపండి, చెమట పట్టినా సరే! బట్టల బీరువా తలుపులు తెరచి, దాని ఎదుట నిలిచి పలకండి; బట్టలు ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి.