ఖజానా కిటికీ

1985వ సంవత్సరమున అప్పటి కంప్ట్రోలర్, ఆడిటర్ జనరల్ టి. ఎన్. చతుర్వేదిగారు బీహారు ప్రభుత్వమున కొక హెచ్చరిక చేసిరి. ఖజానాలనుండియు శాఖలనుండియు నెలసరి లెక్కలు సకాలమున వచ్చుట లేదని దాని సారాంశము. చూచుటకది గుమాస్తా ఫిర్యాదువలె నుండెను. ఎవరును లక్ష్యపెట్టరైరి. పదునొకండేండ్లు గడచెను. 1996 జనవరిలో, నేడు ఝార్ఖండు రాష్ట్రమున నున్న చైబాసాలో పశుసంవర్ధకశాఖ కార్యాలయములను సోదా చేయగా, లేని పశువులకు మేతయు మందులును కొన్నట్లు దొంగబిల్లులు బయల్పడెను. మేత మోసినవని చూపిన లారీల నంబర్లను విచారింపగా కొన్ని స్కూటర్ల నంబర్లని తేలెను! అపహృతమైన ధనము రమారమి 950 కోట్ల రూపాయలు.

లోకము స్కూటరు కథనే జ్ఞాపకముంచుకొనినది. మఱవరాని సంగతి వేఱొకటి గలదు. ఈ ధనమును ఎవరును కన్నమువేసి తీసికొనిపోలేదు. బిల్లుపై, అధికారి సంతకముతో, పట్టపగలు ఖజానా కిటికీనుండియే అది వెడలెను. శాసనసభ ఆ శాఖకు మంజూరు చేసిన మొత్తమును మించి ఏటేట వ్యయమగుచున్నట్లు ప్రభుత్వపు లెక్కలలోనే కనబడుచుండెను. దొంగలు బిల్లుల నిజస్వరూపమును దాచిరేగాని మొత్తమును దాచలేదు. అడుగవలసినవారే అడుగరైరి.

శిక్షలు పడలేదని యనజాలము. 2013లో మాజీ ముఖ్యమంత్రి లాలూప్రసాద్ యాదవుగారు చైబాసా కేసున దోషియని నిర్ణయింపబడి లోక్‌సభ సభ్యత్వమును గోల్పోయిరి. డోరండా ఖజానా కేసున తీర్పు 2022లో వచ్చెను. ఇరువదియాఱేండ్లకు వచ్చు తీర్పు ఖజానాను కాపాడునా?

ఆ బీహారునందే నేటి స్థితిని చూడుడు. 2025లో శాసనసభ ముందుంచిన ఆడిటు నివేదిక ప్రకారము, 2024 మార్చి 31 నాటికి 70 వేల కోట్ల రూపాయలకు పైబడిన గ్రాంట్లకు వినియోగ ధ్రువపత్రములు రాలేదు. వోచర్లు పిమ్మట పంపుదుమని సంక్షిప్త బిల్లులపై తీసికొన్న సొమ్ములో 9 వేల కోట్లకు పైగా వివరమైన బిల్లులు అందలేదు. ఇదియంతయు దొంగిలింపబడెనని మేమనుటలేదు, అట్లనుట అన్యాయము. కట్టిన బడులును వేసిన బాటలును అందుండవచ్చును. ఉన్నవని చూపు కాగితమే లేదు. మన పఠనమందిరపు వార్షికసభలో కుర్చీల మరమ్మతునకు రసీదు చూపని కార్యదర్శిని మనము ఊరక విడిచిపెట్టుదుమా?

నియమము లేక కాదు. సొమ్ము తీసికొన్న పిమ్మట ఆఱు నెలలలో వివరమైన బిల్లు పంపవలెననియు, పంపనిచో క్రొత్త సంక్షిప్త బిల్లునకు సొమ్మీయరాదనియు ఆ రాష్ట్రపు ఖజానా నిబంధనలే విధించుచున్నవి. అయినను గడువు దాటిన బిల్లులు గుట్టలుగా పడియున్నవి. బాకీపడిన అధికారికి మరల సొమ్మిచ్చిన ఖజానాధికారి యుండినచో అతడెవరు? నివేదికలలో శాఖల పేర్లును మొత్తములును అచ్చగును. సంతకము చేసిన చేయి మాత్రము కానరాదు. శాసనసభవారి ప్రభుత్వ లెక్కల సంఘము ఆ సంతకముల పట్టికను ఖజానావారీగా తెప్పించి, ఆయా అధికారులను ఒక్కొక్కరిగా పిలిచి, బహిరంగముగ ప్రశ్నింపవలెను. ఇందులకు క్రొత్త చట్టము అక్కరలేదు. రానున్న సమావేశములలోనే దీని నారంభింపవచ్చును.