పరపతికి మార్కులు

తెలుగులో ‘పరపతి’ అనే మాట ఒకటి ఉంది. చిత్రమైన మాట. ‘ఆయనకు ఊళ్లో పరపతి ఉందండీ’ అంటే నలుగురిలో ఆయన మాట చెల్లుతుందని అర్థం. ‘సహకార పరపతి సంఘం’ అని బోర్డు కడితే అక్కడ అప్పు పుడుతుందని అర్థం. ఒకే మాటలో ఈ రెండర్థాలూ ఎలా ఇమిడాయి మాస్టారూ అని యేటా ఎవరో ఒక విద్యార్థి నన్ను అడుగుతూనే ఉంటాడు. మాట చెల్లేవాడికే అప్పు పుడుతుంది గనక, అని చెబుతూ ఉంటాను. సుమతి శతకకారుడు ఊరికి కావలసినవారి జాబితా చెబుతూ, అప్పిచ్చేవాణ్ణి వైద్యుడి కంటె ముందు నిలబెట్టాడంటే ఊరికే నిలబెట్టాడా?

వెనుకటి రోజుల్లో ఈ పరపతిని తూచేవాడు వీధి చివరి కిరాణా కొట్టు షావుకారు. ఒకటో తారీఖున బాకీ చెల్లించేవారెవరో, అయిదో తారీఖున సాకుతో వచ్చేవారెవరో, కొట్టు కంటబడగానే రెండో పక్కకు దాటి నడిచేవారెవరో ఆయనకు కంఠతా వచ్చు. ఆ ఎర్ర అట్ట పద్దుల పుస్తకం ఇప్పుడు మాయమైపోలేదు. దేశమంత పెద్దదైంది, అంతే. 2000 సంవత్సరంలో వెలసిన సిబిల్, దాని తరవాత ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ - ఈ నాలుగు సంస్థలూ 2005 నాటి చట్టానికి లోబడి మనందరి అప్పుల పద్దులూ వ్రాస్తున్నాయి. వ్రాసి, మనకు 300 నుంచి 900 దాకా మార్కులు వేస్తున్నాయి. షావుకారయితే ‘పిల్ల పెళ్లి వచ్చిపడింది బాబూ’ అంటే కాస్త మెత్తబడేవాడు. ఈ పుస్తకానికి చెవులు లేవు.

ఆ పుస్తకంలోకి మధ్య తరగతివాళ్లం ఎక్కువగా ఎక్కుతున్న దారి క్రెడిట్ కార్డు. ఇదేమీ నిన్న మొన్న దిగుమతి అయిన వింత కాదు. డాక్టర్ పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981 నాటికే కార్డు ఇచ్చింది. దేశంలో మొట్టమొదట కార్డులిచ్చిన బ్యాంకుల్లో అదొకటి. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గాని, కార్డు మాత్రం ఇంటింటి పర్సులోనూ కాపురం పెట్టింది.

ఇక మార్కుల సంగతి. ఎక్కువ జీతగాడికి ఎక్కువ మార్కులు వస్తాయని చాలామంది నమ్మకం. అదేమీ కాదు. మీ జీతమెంతో, బీరువాలో బంగారమెంతో ఆ లెక్కలోకి రావు. అది చూసేవి ముఖ్యంగా నాలుగే. తీసుకున్నది గడువు లోపల తీర్చారా? వాడుకోమన్న హద్దులో ఎంతవరకు వాడేశారు? మీకూ అప్పుకూ పరిచయం ఎన్నాళ్లది? ఈమధ్య అప్పు కోసం ఎన్ని గుమ్మాలెక్కారు? ముప్ఫయి వేల జీతగాడు మాట నిలబెట్టుకుంటే, మూడు లక్షల జీతంతో గడువు మరిచే పెద్దమనిషిని సునాయాసంగా దాటిపోతాడు. ఆ మేరకు ఇది న్యాయమైన పరీక్షే.

ఈ పరీక్షలో మధ్య తరగతిని ముంచే ప్రశ్న ఒకటుంది. బిల్లు మీద రెండు అంకెలుంటాయి: మొత్తం బాకీ, కనీస చెల్లింపు. రెండోది చూడగానే ప్రాణం లేచివస్తుంది. నలభై వేల బాకీ ఉంది, రెండువేలు కడితే చాలునట! ఎంత మంచి బ్యాంకు!

కాగితం మీద లెక్క వేసి చూడండి. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుందాం. చాలా కార్డులు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. 40,000 రూపాయల మీద నెల వడ్డీ 1,400. ఆ వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి. 252. వెరసి 1,652. మీరు కట్టిన రెండు వేలలో అసలు కింద జమ అయ్యేది 348 రూపాయలు! పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్న పప్పుకూ ఉప్పుకూ గడువు ఉండదు. కొన్ననాటి నుంచే వడ్డీ. అప్పు చేసి పప్పు కూడు అన్న సామెత ఇంత అక్షరాలా నిజమవుతుందని సామెత చెప్పినవాడు కూడా అనుకుని ఉండడు. కనీస చెల్లింపు కట్టినంత మాత్రాన ‘ఎగవేత’ అని వ్రాయరు, నిజమే. కాని బాకీ పేరుకుని హద్దుకు దగ్గరపడుతుంది, మార్కులు జారుతాయి. కార్డు పెట్టి యంత్రంలో నోట్లు తీశారా, ఆ క్షణం నుంచే వడ్డీ, దాని మీద రుసుము.

తారీఖులు కూడా తెలుసుకుని ఉండాలి. బిల్లు తయారయ్యే తేదీ ఒకటి, కట్టవలసిన ఆఖరు తేదీ ఒకటి. అయిదో తారీఖున బిల్లు, ఇరవై అయిదున గడువు అనుకోండి. ఆరో తారీఖున కొన్న వస్తువుకు యాభై రోజులు చేతి బదులు దొరుకుతుంది. నాలుగున కొన్నదానికి ఇరవై ఒక్క రోజులే. గడువు దాటినా మూడు రోజుల లోపల కట్టేస్తే ఆలస్య రుసుము వేయరాదనీ, పద్దులోకి ఎక్కించరాదనీ రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అది కాలు జారినవాడికి చేయూత. దాన్నే గడువుగా లెక్కపెట్టుకోవడం తెలివి కాదు. సాధారణంగా బిల్లు నాటి బాకీయే పద్దుకు ఎక్కుతుంది. లక్ష రూపాయల హద్దున్నవాడు ముప్ఫయి వేల లోపల సర్దుకోవడం మంచిదంటారు. ఏదో శుభకార్యం వచ్చి తొంభై వేలు ఖర్చయితే, బిల్లు తయారు కాకముందే కొంత కట్టేస్తే సరి.

నా పూర్వ విద్యార్థి ఒకడికి పోయిన సంవత్సరం జరిగిన సంగతి వినండి. బుద్ధిమంతుడు, అప్పంటే భయపడే రకం. మద్రాసులో ఉద్యోగం చేసే రోజుల్లో అంగడిలో ఎవరో బతిమాలితే ఒక కార్డు పుచ్చుకున్నాడు. ఒకటి రెండుసార్లు వాడి, డబ్బు కట్టి, పెట్టెలో పడేశాడు. హైదరాబాదు వచ్చాడు, ఫోను నంబరు మారింది. ఆ కార్డుకు యేటా 500 రూపాయల రుసుము, పన్నుతో కలిపి 590. బిల్లులు పాత నంబరుకు వెళ్తున్నాయి. అమ్మానాన్నలను తెనాలి నుంచి తెచ్చి తన దగ్గర పెట్టుకోవాలని ఫ్లాటు బేరం చేసి, రెండు లక్షలు బయానా ఇచ్చాడు. మూడు నెలల్లో మిగతాది చెల్లించకపోతే బయానా పోతుందని కరారు. బ్యాంకువాళ్లు దరఖాస్తు చూసి, ‘మీ పేర బాకీ ఉందండీ’ అన్నారు. 590 కాస్తా వడ్డీతో, ఆలస్య రుసుములతో నాలుగువేలు దాటి కూర్చుంది.

వసూలు మనిషి ఒకడు ఫోను చేసి, ‘సగం కట్టండి సార్, సెటిల్ చేసేద్దాం’ అన్నాడట. కుర్రవాడు సంతోషించాడు. మా కళాశాలలో కామర్సు చెప్పే మిత్రుడు మాత్రం గట్టిగా వారించాడు. సగానికి రాజీపడితే పుస్తకంలో ‘సెటిల్డ్’ అని వ్రాస్తారు. అంటే ‘పూర్తిగా ఇవ్వలేక రాజీకి వచ్చాడు’ అని. రేపు అప్పిచ్చేవాడు ఆ మాట చూసి మొహం తిప్పుకుంటాడు. పూర్తిగా కట్టి, బాకీ లేదన్న ఉత్తరం పుచ్చుకుని, ‘క్లోజ్డ్’ అని వ్రాయించుకోవాలి. అలాగే చేశాడు. ఇల్లమ్మే పెద్దమనిషి మొహమాటపడి మరో నెల గడువిచ్చాడు గనక బయానా దక్కింది. కాని అప్పు ఇంకో బ్యాంకులో అర శాతం ఎక్కువకు పుట్టింది. నలభై లక్షల మీద అర శాతమంటే మొదటి యేడాదికే సుమారు 20,000 రూపాయలు. పెట్టెలో నిద్రపోయిన కార్డు చేసిన పని అది!

వాడని కార్డును పడేయడం కాదు, వ్రాసి ఇచ్చి మూయించాలి. బాకీ లేకుండా అడిగితే ఏడు పనిదినాలలో మూయాలి; ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మనకు ఇచ్చుకోవాలి. అయితే రుసుము లేని పాత కార్డును మాత్రం తొందరపడి మూయవద్దు. ఎన్నాళ్ల పరిచయమో చెప్పే సాక్షి అది. బావమరిదికో, స్నేహితుడికో జామీను సంతకం చేసేవారు కూడా జ్ఞాపకం ఉంచుకోండి: ఆ అప్పు మీ పద్దులోనూ కనిపిస్తుంది. ఆయన ఎగవేస్తే మచ్చ మీకు.

ఇది చదివే గృహిణులతో ప్రత్యేకంగా ఒక మాట. మా వీధిలో ఒక ఇల్లాలు ఇరవై యేళ్లు సంసారం గుట్టుగా నడిపింది. పాలవాడికి, అద్దెకు, బడి ఫీజులకు ఏనాడూ ఒక్కరోజు ఆలస్యం చేసి ఎరగదు. భర్త పోయాక భోజనాల మెస్ పెట్టుకుందామని బ్యాంకుకు వెళ్లింది. ‘మీకు చరిత్ర లేదమ్మా’ అన్నారట. ఇరవై యేళ్ల క్రమశిక్షణా ఆయన పేరనే జమ అయింది! చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటి అప్పు దరఖాస్తును తోసివేయవద్దని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు సలహా ఉందని 2025లో ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. సంతోషమే. అయినా అవసరం ముంచుకు వచ్చాక పేరు సంపాదించడం కష్టం. ఆమె ఇప్పుడు పాతిక వేలు ఫిక్సెడ్ డిపాజిట్ వేసి, దాని పూచీ మీద తన పేర కార్డు తీసుకుంది. కరెంటు బిల్లు, గ్యాసు - ఈ రెండే దాని మీద. నెలనెలా మొత్తం కట్టేస్తుంది. కొద్ది నెలల్లో ఆమెకూ మార్కులు వచ్చాయి. భర్త కార్డుకు అనుబంధంగా ఇచ్చే కార్డుతో ఈ పని జరగదు. దాని బాధ్యత అంతా అసలు కార్డుదారుదే. సోదరులారా, మీ ఇంట్లో ఈ పని మీరుండగానే జరిపించండి.

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో అందరం చెవులు రిక్కించి వినే భాగం ఒకటుంది. ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని. ఆ అంకెలు రాశిని బట్టి వస్తాయి. మనం చేయగలిగింది లేదు. ఈ పరపతి అంకె మాత్రం మన చేతి వ్రాత. నాలుగు సంస్థలూ యేడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తెప్పించుకున్నా యేడాది పొడుగునా కాపలా కాచినట్టే. మన పద్దు మనం చూసుకుంటే మార్కులేమీ తగ్గవు. తెలియని అప్పో, తీరిన బాకీ తీరనట్టో కనబడితే ఫిర్యాదు చేయండి. ముప్ఫయి రోజుల్లో సరిదిద్దకపోతే రోజుకు వంద రూపాయల పరిహారం మన హక్కు.

పచ్చడి తిన్నాక ఆ కాగితం కూడా భార్యాభర్తలిద్దరూ కూర్చుని చదువుకోండి. అందులో చేదు ఏమైనా ఉంటే, వచ్చే ఉగాదికల్లా దాన్ని తగ్గించుకోవడం మన చేతిలోనే ఉంది.