బెత్తెడు దూరమును మించిన జీవితము

క్రీడాచరిత్రలో కొందరి పేరు వినినంతనే వారు గెలిచిన పందెములకన్న, చేజారిన ఒక్క పందెమే జనులకు ముందుగా జ్ఞప్తికి వచ్చును. పి.టి. ఉష విషయమున మన దేశమునకు పట్టుబడిన అలవాటు ఇట్టిదే. 1984 ఆగస్టు 8వ తేదీన, లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో, 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ నందు, సెకనులో నూరవవంతు తేడాతో ఆమెకు కాంస్యపతకము దక్కకపోయెనన్న సంగతిని నాలుగు దశాబ్దములుగా చెప్పుకొనుచు, నిట్టూర్చుచు, నుదుట వ్రాసియుండలేదని సరిపెట్టుకొనుచున్నాము. ఈ నిట్టూర్పు ఆమె జీవితమునకు అన్యాయము చేయుచున్నది; అంతకు మించి, మన బాధ్యతను మన చేతనే మరపించుచున్నది.

ఆ పందెమును కొంచెము దగ్గరగా పరికింపవలెను. మహిళలకు 400 మీటర్ల హర్డిల్స్‌ను ఒలింపిక్స్‌లో ప్రవేశపెట్టినది ఆ యేటనే. బయలుదేరిన చోటినుండి మొదటి హర్డిల్‌కు 45 మీటర్లు, అటుపై ఒక్కొక్క హర్డిల్ నడుమ 35 మీటర్లు, పదవది దాటిన పిమ్మట గమ్యమునకు 40 మీటర్లు. ఈ పదింటిని దాటునపుడు అడుగుల లెక్క ఒక్కచోట తప్పినను, అంతవరకు కూడబెట్టిన వేగమంతయు క్షణములో కరగిపోవును. ఆ లెక్క కండరములకు అలవడుటకు గట్టి ప్రత్యర్థుల సరసన మరల మరల పరుగెత్తుట తప్ప మార్గాంతరము లేదు. ఉష ఈ పందెమును పట్టుదలతో చేపట్టి అప్పటికి రెండేండ్లు కూడ నిండలేదు. అయినను సెమీఫైనల్‌లో 55.54 సెకండ్లలో అందరికన్న ముందు గమ్యము చేరి, ఫైనల్‌కు అర్హత పొందెను. ఫైనల్‌లో తుపాకి మ్రోగకముందే ఒక పోటీదారు కదలుటచే అందరును వెనుకకు వచ్చి మరల నిలువవలసి వచ్చెను. మొదటిమారు చక్కగా అందిన ఊపు ఉషకు రెండవమారు అందలేదు. మొరాకో దేశీయురాలు నవాల్ ఎల్ ముతవకెల్ 54.61 సెకండ్లలో స్వర్ణమును, అమెరికాకు చెందిన జూడీ బ్రౌన్ రజతమును గెలిచిరి. రుమేనియా క్రీడాకారిణి క్రిస్టియానా కొజొకారు 55.41 సెకండ్లు, ఉష 55.42 సెకండ్లు. ఆ వేగమున సెకనులో నూరవవంతు అనగా ఇంచుమించు ఏడు సెంటీమీటర్లు. మన పల్లెల కొలతలో బెత్తెడు.

ఆ బెత్తెడు ఎచ్చట పోయినది? ఒలింపిక్ గ్రామమున తనకు ఒంటబట్టు ఆహారము దొరకక గంజియు ఊరగాయయు తిని పరుగెత్తితిననియు, చివరి 35 మీటర్లలో శక్తి నిలువకపోవుటకు అదియే కారణమనియు తరువాతి కాలమున ఉషయే చెప్పినది. గమ్యరేఖ కడ రొమ్మును ముందునకు వంచి అంగుళమైన సంపాదించు నేర్పు పెద్ద పోటీల రాపిడిలో గాని అబ్బదు. అట్టి పోటీలు ఆమెకు లభించినవి బహు స్వల్పము. ఆహారము, అనుభవము, అండ అను ఈ మూడింటిని సమకూర్చవలసినది మానవప్రయత్నమే గాని దైవము కాదు. ఏర్పాటులోని లోపమునకు విధి యని పేరు పెట్టినచో, ఆ లోపమును దిద్దవలసిన వారెవరును మిగులరు.

వేరొక సత్యమును గూడ ఒప్పుకొనవలెను. సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ మొదలగు దేశములు ఆ క్రీడలను బహిష్కరించుటచే, ఆనాటి ప్రపంచములోని మేటి పరుగుకత్తెలలో కొందరు ఆ బరిలో లేరు. కావున ఆ కాంస్యము లభించియున్నను ఉష గొప్పతనమును కొలుచుటకు అది ఒక్కటి చాలియుండెడిది కాదు. లభింపకపోవుటచే ఆ గొప్పతనము తరుగలేదు. ఆమెను కొలువవలసినది ఇరువది యేండ్ల సాధనతో.

కోళికోడు జిల్లాలో 1964లో పుట్టి, పయ్యోళిలో పెరిగిన ఆ బాలిక, కేరళ ప్రభుత్వము 1976లో కన్నూరున బాలికలకై నెలకొల్పిన క్రీడావిభాగమున చేరి, వైమానికదళమున పనిచేసి వచ్చిన ఓ.ఎం. నంబియార్ కంట పడెను. ఆయన ఆమెలోని వేగమును గుర్తించుటతో తృప్తి చెందక, ఏండ్ల తరబడి ఆమె వెంట నిలిచి, పయ్యోళి సముద్రతీరపు ఇసుకలో పరుగెత్తించి, ఏ పందెము ఆమెకు తగునో ఓపికతో వెదకెను. 1980లో మాస్కో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పందెమున దిగునాటికి ఆమె వయస్సు పదునారేండ్లు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో 100, 200 మీటర్లలో రెండు రజతములు. 1985లో జకార్తాలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో 100, 200, 400 మీటర్లు, 400 మీటర్ల హర్డిల్స్, 4×400 రిలే కలిసి ఐదు స్వర్ణములను, మరియొక రిలేలో కాంస్యమును గెలిచెను. నూరు మీటర్లకు కావలసిన పేలుడు వంటి వేగము వేరు, నాలుగువందల మీటర్లకు కావలసిన ఊపిరి నిబ్బరము వేరు. ఈ రెండింటియందును ఒకే వారములో ఖండమంతటికిని మిన్నగా నిలుచుట సామాన్యమైన విషయము కాదు. మరుసటి యేట సియోల్ ఆసియా క్రీడలలో మన దేశము మొత్తము గడించిన స్వర్ణములు ఐదు. అందు నాలుగింటిలో ఉష పాదముద్ర కలదు.

1988 ఒలింపిక్స్‌కు గాయముతో వెళ్ళి ప్రాథమిక దశలోనే వెనుదిరిగినపుడు, రెండేండ్ల క్రితము ఆమెను ఆకాశమున కెత్తిన నోళ్ళే నిందింప మొదలుపెట్టెను. ఆమె మారుమాట పలుకక, 1989లో ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీలలో నాలుగు స్వర్ణములతో జవాబు చెప్పెను. అటుపై వివాహమాడి, బిడ్డకు తల్లియై, పరుగు మానెనని అందరును తలచిన పిమ్మట, 1998లో, ముప్పదినాలుగేండ్ల ప్రాయమున, జపానులోని ఫుకుఓకా నగరమున జరిగిన ఆసియా పోటీలలో 200, 400 మీటర్లలో కాంస్యములను, 4×100 రిలేలో స్వర్ణమును ఆర్జించెను. మన సమాజమున తల్లియైన స్త్రీ శరీరము ఇక ఇంటిపనులకే యని తీర్పు చెప్పువారికి ఇంతకన్న గట్టి సమాధానము నేనెరుగను.

లాస్ ఏంజెలెస్‌లో ఆమె నెలకొల్పిన 55.42 సెకండ్ల జాతీయ రికార్డును 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో తమిళనాటి యువతి విత్యా రామ్‌రాజ్ సమము చేయువరకు, ముప్పదితొమ్మిదేండ్లు, మరియొక భారతీయ వనిత అందుకొనలేదు. రికార్డు ఇంతకాలము నిలుచుట ఉషకు కీర్తియే. కాని దేశమునకు అది కీర్తి కాదు. ఈ నడుమ మన జనాభా ఎంతయో పెరిగినది, స్టేడియములు వెలసినవి, ఆహారశాస్త్రము, వ్యాయామశాస్త్రము ఎంతయో ముందంజ వేసినవి. అయినను ఒక కన్నూరు క్రీడావిభాగము, ఒక నంబియార్ కలిసి ఒకమారు సాధించిన దానిని తిరిగి సాధించుటకు ఒక తరమునకు మించిన కాలము పట్టినది.

మన తెలుగునేల కూడ ఈ ప్రశ్నకు వెలి కాదు. విశాఖపట్నపు జ్యోతి యర్రాజి నూరు మీటర్ల హర్డిల్స్‌ను పదమూడు సెకండ్లలోపు ముగించిన తొలి భారతీయ మహిళయై, 2023లో ఆసియా విజేత యైనది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు దీప్తి జీవాంజి 2024లో కోబె నగరమున పారా అథ్లెటిక్స్ ప్రపంచపోటీలలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచరికార్డు నెలకొల్పి, ఆ యేటనే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యము గెలిచినది. ఇరువురును కలిమి గల ఇండ్లలో పుట్టినవారు కారు; ఇరువురకును తొలినాళ్ళలో హైదరాబాదున నాగపురి రమేష్ వంటి శిక్షకుని శ్రద్ధ తోడైనది. ప్రతిభకు మన పల్లెలలో కొదువ లేదు, ఆ ప్రతిభను పసిగట్టి పదేండ్లపాటు చేయి విడువని గురువులకే కొదువ.

పతకము వచ్చిన మరునాడు నగదు బహుమతులు, ఇంటి స్థలములు ప్రకటించుట మంచిదే. కాని పతకమునకు పదేండ్ల ముందు, ఆ పిల్ల ఏడవ తరగతిలో నున్నపుడు, రోజుకొక గ్రుడ్డు, కాలికి సరిపోవు స్పైక్స్ బూట్లు, మోకాలు నొచ్చినపుడు చూచు వైద్యుడు, ఏడాదికి పది పోటీలు సమకూర్చుట అంతకన్న మేలైన దానము. ఉష స్వయముగా ఈ మార్గమునే త్రొక్కి, కినాలూరులో బాలికలకై అథ్లెటిక్స్ పాఠశాల నడిపి, అందుండి టింటూ లూకా వంటి పరుగుకత్తెను దేశమునకు ఇచ్చెను. 2022 డిసెంబరులో భారత ఒలింపిక్ సంఘమునకు అధ్యక్షురాలైన ఆమె, తాను గంజి త్రాగి పరుగెత్తిన దినములను మరువక, ఆ పీఠమునుండి బాలికల పక్షమున గట్టిగా మాటలాడునని ఆశించుటకు మనకు హక్కు కలదు.

ప్రభుత్వములను అడుగవలసినది కూడ గొప్ప కోరిక కాదు: జిల్లాకొక బాలికల క్రీడావసతి పాఠశాల, దానికి పరుగెత్తదగిన ట్రాక్, ఊరికూరికి బదిలీ కాని ఒక శిక్షకుడు. కేరళము 1976లో, ఇంతకన్న పేదతనపు రోజులలో, ఇట్టి ప్రయత్నమును చేసి చూపినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు నేడు చేయలేమనుటకు కారణము లేదు. చేయకపోయినచో, రాబోవు తరపు ఓటములకు విధిని నిందించు అర్హత మనకుండదు.