పుస్తకం బండెక్కితే సరిపోదు

యాప్రాల్‌లో సొంతిల్లున్నవాళ్లు గ్రంథాలయానికి కూడా పన్ను కడుతున్నరు. ఆస్తి పన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు పడుతది. రసీదు ఎవరం చదవం కాబట్టి చాలామందికి ఈ సంగతి తెల్వదు.

ఆ పైసలకు మనకు దక్కేది ఏంది? ఉద్యోగానికి చదివే పిల్లగాడు సికింద్రాబాద్ దాకా ఒక బస్సు, అక్కడినుంచి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి ఇంకో బస్సు ఎక్కాలె. ఎక్కుతున్నడు కూడా. కానీ వాళ్లమ్మ ఎక్కదు. కట్టుడు పనికి వలస వచ్చిన కూలీ ఎక్కడు. మోకాళ్లు పట్టుకుపోయిన రిటైర్డ్ సుబేదారు ఎక్కడు. వాళ్ల దగ్గరికి పుస్తకమే పోవాలె.

పోవాలె అనంగనే వ్యాను కొందాం, జెండా ఊపుదాం అంటరు. వ్యాను కొనుడు పెద్ద పని కాదు. అందులో ఎక్కే మనిషికి ఏం నేర్పిండ్రు? మా ప్రశ్న అది.

ఉస్మానియాలో గ్రంథాలయ శాస్త్రం చెప్తరు, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చెప్తరు. వర్గీకరణ, సూచీకరణ, కంప్యూటరు అన్నీ వస్తయి. అవి కావాల్సినవే. అయితే నాలుగు గోడల నడుమ కూసుండి, వచ్చినోనికి పుస్తకం అందించే చదువు అది. బస్తీకి పోయే పని వేరు. బండి ఏ రోజు ఏ గంటకు ఎక్కడ ఆగుతదో ఆ గంటకు అక్కడే ఆగాలె. రెండు వారాలు తప్పితే మూడో వారం ఎవరూ రారు. పొద్దుగాల పదింటికి పోతే కూలి మనిషి దొరకడు. యాప్రాల్ అసొంటి చోట సైనిక కుటుంబాలకు హిందీ కావాలె, పక్క గల్లీలో ఉర్దూ కావాలె, తెలుగు ఎట్లాగూ కావాలె. చదువురాని తల్లి ముందర పుస్తకం పెట్టి ఊకోవద్దు, చదివి వినిపియ్యాలె. చిరిగిన పుస్తకం తెచ్చిన పిల్లను కసిరితే ఆ ఇల్లు మొత్తం దూరమైతది. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. మన సిబ్బందికి నేర్పేటోళ్లే కరువైండ్రు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. రంగనాథన్ కాలంల, 1931లో మన్నార్‌గుడిలో ఎడ్లబండి మీద పుస్తకాలు ఊర్లకు పోయినయి. 1935లో పాతూరి నాగభూషణం కాలువల మీద పడవ గ్రంథాలయం నడిపిండు. కోస్తా ముచ్చటే కానీ, మంచిని మంచి అనాలె. మన దగ్గర 1901లో రావిచెట్టు రంగారావు ఇంట్ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది, 1904లో హనుమకొండలో ఇంకోటి లేచింది. హైదరాబాద్ రాష్ట్రం 1955లోనే సొంత గ్రంథాలయ చట్టం చేసుకున్నది. 1960లో సమైక్య రాష్ట్రపు చట్టం వచ్చి దాన్ని మింగింది. 2014లో రాష్ట్రం వచ్చినంక ఆ 1960 చట్టాన్నే అన్వయించుకున్నం. పేరు మారింది, పని తీరు మారాల్సి ఉండె.

అమెరికాలో సంచార గ్రంథాలయాల సిబ్బందికి ప్రత్యేక సంఘమే ఉన్నది. డ్రైవర్లు, గ్రంథపాలకులు ఏటా ఒక్కచోట కూడి ఒకరి అనుభవం ఒకరు నేర్చుకుంటరు. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 2010లో సంచార గ్రంథాలయాలకు మార్గదర్శకాలు అచ్చేసింది. వాటిని తెలుగులో పెట్టి ప్రతి శాఖా గ్రంథాలయానికి పంపడానికి ఎంత ఖర్చయితది? ఒక సన్మాన సభకు పెట్టే శాలువాల పైసలు చాలు.

గ్రంథాలయ సంస్థలు చెయ్యాల్సింది పెద్దగా ఏం లేదు. ఏడాదికి రెండు సార్లు, వారం చొప్పున, బయటి సేవల మీద శిక్షణ పెట్టాలె. ఆ వారం డ్యూటీ కిందనే లెక్కగట్టాలె, జీతం కొయ్యొద్దు. ఔట్‌సోర్సింగ్ అని ఎవరినీ పక్కకు పెట్టొద్దు, బస్తీల ముఖం చూసేది ఎక్కువగా వాళ్లే. డ్రైవరును కూడా కూసోబెట్టాలె, జనం మొదలు పలకరించేది ఆయననే. పాఠం చెప్పడానికి ప్రొఫెసర్లతోపాటు అంగన్‌వాడీ టీచరును పిలవాలె. గడప గడపకూ ఎట్ల పోవాల్నో ఆమెకు తెలిసినంత ఇంకెవరికి తెల్వదు.

మొదటి తరగతి యాప్రాల్‌లోనే పెట్టండి. ఆదివారం పొద్దుగాల, ఏదన్న చెట్టు కింద. కుర్చీలు మేం తెస్తం.