గుర్రానికి జోళ్ళు

తెలుగు మేష్టర్ని. గుర్రపుడెక్క అంటే నాకు చెరువులో పెరిగే మొక్కే గుర్తుకొస్తుంది. అసలు డెక్కను మొన్న మా మేనల్లుడు చూపించాడు. వాడు ఊరిబయట నాలుగు గుర్రాల్ని పెట్టుకుని పిల్లలకు స్వారీ నేర్పుతున్నాడు. లాడాలు కొట్టిన గుర్రానికి ముందుకాళ్ళకు మళ్ళీ రబ్బరు జోళ్ళు తొడుగుతూంటే, "చెప్పుల మీద చెప్పులేమిట్రా?" అని నవ్వాను.

వాడు నవ్వలేదు. "అటు ఆ గుర్రం కాలు చూడండి మావయ్యా" అన్నాడు.

మేతకు వదిలితే గుర్రం ఊరుకోదు గదా, గంతులేస్తుంది. వెనకకాలు ముందుకాలి లాడం అంచును తొక్కిందా, లాడం మేకులతో సహా ఊడుతుంది, డెక్క పెచ్చులూడిపోతుంది. ఊడిన మేకు మీదే అడుగుపడితే అరికాలికి దిగుతుంది. డెక్క పైనుంచి కిందికి పెరిగి రావడానికి ఇంచుమించు ఏడాది! రెండు నెలలుగా ఆ గుర్రం మీద ఎవరూ ఎక్కలేదు. దాని దాణా ఖర్చు మాత్రం ఆగలేదు.

స్వారీలో రాళ్ళదెబ్బ తగలకుండానూ యీ జోళ్ళే. అలాగని తొడిగి మరిచిపోతే, లోపల తడీ ఇసకా చేరి మడమ ఒరుసుకుని పుండవుతుందట. రోజూ విప్పాలి, కడగాలి, ఆరబెట్టాలి.

రెండో జోడు నా చేతికిచ్చాడు. గుర్రం నన్నొకసారి చూసి, కాలెత్తింది. నాలుగోసారికి ఎక్కించాను.